కేఫ్ రేసర్ చేయించిన పాత బుల్లెట్‌ని మళ్ళీ హాయిగా నడిచే పాతకాలపు బండిగా మార్చవచ్చా?

మీరు అడిగింది ఇది. నాన్నగారు కొన్న 1996 బుల్లెట్ 350 స్టాండర్డ్ మీ దగ్గరుంది. కొన్నేళ్ళ క్రితం మీ చిన్నాన్నగారి అబ్బాయి దాన్ని కేఫ్ రేసర్‌గా మార్పించాడు. కిందికి వంగిన హ్యాండిల్, పలకలాంటి సన్న సీటు, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, సగం కోసేసిన వెనక మడ్‌గార్డు. మర్రిపాలెం నుంచి భీమిలి వెళ్ళి వచ్చేసరికి మీకు నడుము పట్టేస్తోంది, మీ ఆవిడ ఆ బండి ఎక్కడానికే ఇష్టపడటం లేదు. 70 వేల దాకా పెట్టగలరు. పాత బుల్లెట్ రూపం రావాలి, ఇద్దరూ కలిసి అరకు వెళ్ళి రాగలగాలి. స్ప్రింగు సీటు వేయించాలా, లావు టైర్లు మంచివేనా, ఆర్టీవో వాళ్ళతో ఇబ్బంది వస్తుందా అన్నవి మీ సందేహాలు.

తప్పకుండా మార్చవచ్చు. మీరు అనుకున్న డబ్బులో చాలా వరకు అవుతుంది కూడా. కానీ మొదటి రూపాయి రంగు మీదా క్రోమ్ మీదా పెట్టకండి. ముందు ఛాసిస్, తర్వాత సీటు, ఆ తర్వాత హ్యాండిల్, షాకబ్జర్లు, బ్రేకులు, ఇంజిన్ బిగింపులు. రంగు అన్నిటికన్నా ఆఖరు. స్ప్రింగు సీటు మీకు వద్దు. లావు టైర్లు కూడా వద్దు. ఆర్టీవో విషయానికి వస్తే, మీరు బండిని అసలు రూపానికి దగ్గర చేస్తున్నారు కాబట్టి ఇప్పుడున్న స్థితి కంటే మీకు మేలే జరుగుతుంది. ఇక ఒక్కొక్కటీ వివరంగా రాస్తాను.

నేను విశాఖ కంచరపాలెంలో షెడ్డు పెట్టి ఇరవై రెండేళ్ళు దాటింది. ఎక్కువగా పాత బుల్లెట్లు, యెజ్డీలు, ఆర్‌ఎక్స్ 100లు చేస్తాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పనిలో సగం మీలాంటిదే. ఎవరో ఒకరు ఫొటో చూసి బండి కోయించేస్తారు, రెండేళ్ళు తిరిగేసరికి ఒళ్ళు నొప్పులు తట్టుకోలేక మళ్ళీ పాత రూపానికి వస్తారు.

ముందు సీటు విప్పి చూడండి. గ్రైండర్ పెట్టారా?

మీ ఖర్చు ఎంతవుతుందో తేల్చేది ఇదే. సీటు కింద, వెనక మడ్‌గార్డును పట్టుకుని ఉండే పైపు చుట్టు తిరిగి వస్తుంది. కేఫ్ రేసర్ చేసేవాళ్ళు వెనక భాగం పొట్టిగా కనబడాలని చాలాసార్లు దాన్ని కోసేస్తారు. మీ బండిలో ఆ పైపు కోయకుండా, బోల్టులు విప్పి సీటూ మడ్‌గార్డూ మాత్రమే మార్చి ఉంటే మీ అదృష్టం. పాత మడ్‌గార్డు, దాన్ని పట్టుకునే కడ్డీలు (స్టేలు), టూల్ బాక్సులు తెచ్చి బిగించుకుంటే ఆ పని అయిపోయినట్టే.

కోసేసి ఉంటే మాత్రం జాగ్రత్త. తెగిన రెండు చివర్లనూ ఎదురెదురుగా పెట్టి చుట్టూ వెల్డింగ్ లాగించేస్తే పైకి బాగానే కనబడుతుంది. ఇద్దరు కూర్చుని గుంతల్లో పడ్డప్పుడు సరిగ్గా ఆ వెల్డింగ్ పక్కనే పగులు వస్తుంది. చేయాల్సిన పద్ధతి వేరు. పైపు లోపలికి సరిగ్గా పట్టే ఇంకో పైపు ముక్కను లేత్ మీద తీయించి, అటూ ఇటూ కనీసం రెండంగుళాలు లోపలికి వెళ్ళేలా దూర్చాలి. పై పైపుకు రంధ్రాలు వేసి ఆ రంధ్రాల్లో కూడా వెల్డింగ్ నింపాలి. ఆ తర్వాతే చుట్టూ వెల్డింగ్. మిగ్ గానీ టిగ్ గానీ (గ్యాస్ రక్షణతో చేసే వెల్డింగ్ రకాలు) చేసేవాళ్ళ దగ్గరకే వెళ్ళండి. మన ఊళ్ళో షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు పనులు చేసి చెయ్యి బాగా తిరిగిన వెల్డర్లు ఉన్నారు. గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల వెతికితే దొరుకుతారు. వెల్డింగ్ చేసేటప్పుడు వెనక చక్రం, షాకబ్జర్లు బిగించి ఉంచాలి. విడిగా చేస్తే వేడికి పైపు లాగేసి, తర్వాత మడ్‌గార్డు పక్కకి తిరిగిపోతుంది.

ఇంకో సంగతి. ఈ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజిన్ కింద నుంచి వెళ్ళే పైపు ఉండదు. ముందు నుంచి దిగే పైపు ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్, దాన్ని పట్టుకునే ప్లేట్లు కలిసి ఛాసిస్‌లో ఒక భాగంగా బరువు మోస్తాయి. అందుకే ఆ ప్లేట్ల బోల్టులు వదులైతే బండి వణకడంతో ఆగదు, మలుపుల్లో మెలికలు తిరుగుతుంది. ఆ రంధ్రాలు పెద్దవై గుడ్డులా సాగిపోయాయేమో చూడండి. సాగితే నింపి మళ్ళీ డ్రిల్ చేయించాలి. లావు బోల్టు కొట్టి సరిపెట్టొద్దు.

ముందు భాగం కూడా చూడాలి. అసలు బుల్లెట్‌కి హెడ్‌లైటు, స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు అన్నీ ఒకే గూటిలో ఉంటాయి. దాని రెండు భుజాల మీద టైగర్ లైట్లనే చిన్న పైలట్ దీపాలు. ఆ గూడు అందం కోసం పెట్టిన మూత అనుకుంటారు చాలామంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైపుల పై చివరలు బిగిసేది అందులోకే. కింది హ్యాండిల్ పెట్టడానికి మీ బండికి ఆ గూడు తీసేసి ఉంటే, పైన ఇంకేదో ప్లేటు వేసి ఉంటారు, లేదా వేరే బండి ఫోర్కులే ఎక్కించి ఉంటారు. ఏది చేశారో తేలే దాకా కొత్త హ్యాండిల్ కొనకండి. పాత భాగాలు ఇంట్లో ఎక్కడైనా గోనెసంచిలో ఉన్నాయేమో మీ చిన్నాన్నగారి అబ్బాయిని అడగండి. పోయినసారి ఇలాగే అక్కయ్యపాలెం నుంచి వచ్చిన ఒకాయనకి అటక మీద మొత్తం సామాను దొరికింది, సగం ఖర్చు తప్పింది.

మన ఊరి ఉప్పుగాలి

హైదరాబాద్ వాళ్ళు చెప్పే సలహాలు ఇక్కడ పూర్తిగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. బీచ్ రోడ్డుకి దగ్గర్లో బండి పెడితే తుప్పు లోపల నుంచి తింటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా ఉప్పు నీటితో తడిసింది. ఆ రోజు బయట ఉండి, తర్వాత సరిగ్గా కడగని బండ్లు నాలుగైదేళ్ళకి నా దగ్గరకి వచ్చాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంది, బ్యాటరీ ట్రే కింద వేలితో నొక్కితే రేకు లోపలికి వెళ్ళింది.

మీరు చూడాల్సిన చోట్లు ఇవి: బ్యాటరీ ట్రే కింద, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ తిరిగే చోటు, స్టీరింగ్ బేరింగ్ కప్పుల చుట్టూ, మడ్‌గార్డు లోపలి అంచులు, రిమ్ములో స్పోకులు బిగించే నిపుల్స్ దగ్గర, ట్యాంకు అడుగున పెట్రోలు కాక్ పక్కన. చిన్న స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది చప్పగా మోగుతుంది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పెదజాలరిపేట కుర్రాడి బండికి ఛాసిస్ మొత్తం పౌడర్ కోటింగ్ చేయించాను. చూడటానికి గాజులా ఉంది. రాయి తగిలి రెండు చోట్ల పెచ్చు లేచింది. ఆ పెచ్చు కిందకి ఉప్పు తేమ పాకి, ఏడాదిన్నరలో పొర కింద పొరగా తుప్పు పట్టేసింది. పైకి ఏమీ కనబడలేదు. ఒక రోజు తుడుస్తుంటే గుడ్డకి పట్టుకుని మొత్తం పొర ఊడి వచ్చింది. నా ఖర్చుతో మళ్ళీ చేసిచ్చాను. అప్పటి నుంచి సముద్రం పక్కన ఉండే బండ్లకి నా పద్ధతి మార్చుకున్నాను. శాండ్ బ్లాస్టింగ్ చేయించిన రోజే, సాయంత్రం దాకా కూడా ఆగకుండా, జింక్ ఎక్కువగా ఉండే ఎపాక్సీ ప్రైమర్ కొట్టిస్తాను. ఓడలకి వాడే పద్ధతే ఇది. దాని మీద ఎపాక్సీ, ఆపైన పీయూ (పాలీయురేథేన్) పెయింటు. గీత పడితే అక్కడికక్కడ బ్రష్‌తో సరిచేసుకోవచ్చు. బ్లాస్టింగ్ చేసిన ఇనుము మన తేమలో రాత్రంతా ఉంటే పొద్దున్నకి పసుపు రంగు తిరుగుతుంది. దాని మీద ఎంత మంచి ప్రైమర్ కొట్టినా నిలవదు.

బ్లాస్టింగ్‌కి ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉన్న చోట మందంగా టేపు వేయించండి. ఇసుక తగిలి అంకెలు అరిగినా, మందం పెయింటుతో పూడుకుపోయినా, ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింటు తీసేటప్పుడు కనబడవు. ఆ తర్వాత పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

సీటు ముందు, హ్యాండిల్ తర్వాత

చాలామంది ముందు హ్యాండిల్ కొనేస్తారు. సీటు ఎత్తు రెండంగుళాలు మారితే ఆ హ్యాండిల్ కొలత తప్పిపోతుంది. మీ విషయంలో ఫుట్‌రెస్టులు అసలు చోటికి వెళ్ళిపోతాయి, అందులో ఎంచుకోవడానికి ఏమీ లేదు. కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు కాబట్టి వెనక్కి జరిపినప్పుడు మధ్యలో అదనపు రాడ్లు వేసి ఉంటారు. అవన్నీ తీసేస్తే గేరు కూడా శుభ్రంగా పడుతుంది. మోకాలి కింద దాదాపు నిలువుగా పాదం ఉంటుంది కాబట్టి గుంత వచ్చినప్పుడు కాళ్ళ మీద కొంచెం లేవగలుగుతారు. నడుముకి అదే పెద్ద సాయం.

ఇప్పుడు సీటు. స్ప్రింగుల ఒంటి సీటు చూడటానికి చాలా బావుంటుంది, ఒక్కరే తిరిగేవాళ్ళకి నేనే వేసిస్తాను. కానీ మీరు ఇద్దరు. వెనక విడిగా చిన్న సీటు పెడితే ముందున్న మీరు కిందికీ పైకీ ఊగుతుంటారు, వెనక ఆవిడ ఊగరు. ఆవిడ చేతులు మీ భుజం మీద ఉంటాయి కాబట్టి ప్రతి గుంతకీ ఆవిడని లాగినట్టవుతుంది. మీకు కావాల్సింది పాత పద్ధతి పొడుగు సీటు, నిండు వెడల్పుతో.

సీటులో హాయి అంటే మెత్తదనం అనుకోవద్దు. షోరూములో వేలితో నొక్కి మెత్తగా ఉందని కొన్న సీటు, అరగంట అయ్యేసరికి పూర్తిగా కుంగిపోయి కింది రేకు తగులుతుంది. నేను రెండు పొరలు వేయిస్తాను. అడుగున గట్టి రీబాండెడ్ ఫోము (ముక్కలు అతికి చేసింది), పైన ఒకటి, ఒకటిన్నర అంగుళం 40 డెన్సిటీ ఫోము. మీరు కూర్చునే చోట వెనక వైపు వెడల్పుగా ఉండాలి, తొడలు దిగే ముందు వైపు అంచులు గుండ్రంగా కోయాలి. ఆ అంచులు నలుచదరంగా వదిలేస్తే కాలు నేలకి ఆనదు, తొడ కింద రక్తం ఆగి తిమ్మిరి ఎక్కుతుంది. మీ సీటుకీ ఆవిడ సీటుకీ మధ్య అంగుళం ఎత్తు తేడా చాలు. ఎక్కువ చేస్తే బ్రేకు వేసినప్పుడల్లా ఆవిడ మీ మీదకి జారతారు.

రెక్సిను కుట్టించేటప్పుడు కుట్టు గీతలు, పైపింగు మీరు కూర్చునే చోటికి రానివ్వకండి. దారం నైలాన్‌దో పాలియెస్టర్‌దో ఉండాలి, నూలు దారం మన వానలకి రెండేళ్ళలో పుచ్చిపోతుంది. సీటు అడుగు రేకుకి నాలుగు చిన్న రంధ్రాలు పెట్టించండి. లోపలికి వెళ్ళిన నీరు బయటికి పోవాలి కదా. పైన రెక్సిను కుట్టే ముందు ఫోము మీద పాత దుప్పటి కట్టి ఒక రోజు బండి నడపండి. హనుమంతవాక నుంచి ఋషికొండ దాకా వెళ్ళి వస్తే ఎక్కడ నొక్కుతోందో మీ ఒళ్ళే చెబుతుంది. మా షెడ్డుకి వచ్చిన ఒక రిటైర్డు షిప్‌యార్డు ఉద్యోగికి డిస్కు సమస్య ఉండేది. ఆయనకి ఇలా మూడుసార్లు కోసి సరిచేశాం. మూడోసారి తోక ఎముక దగ్గర అరంగుళం లోతుగా పల్లం తీశాక ఆయన గంటసేపు తిరిగొచ్చి, బండి దిగకుండానే ఇక కుట్టేయమన్నారు.

సీటు తేలాక హ్యాండిల్. దీనికి మేం చేసే కొలత ఇది. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టండి. కొత్త సీటు మీద కూర్చుని, పాదాలు ఫుట్‌రెస్టుల మీద పెట్టి, భుజాలు వదిలేసి, కళ్ళు మూసుకుని చేతులు ముందుకు చాపండి. ఎక్కడికి అందుకోవాలో ఆలోచించకండి, సహజంగా ఎక్కడ ఆగితే అక్కడే. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. అప్పుడు ఇంకొకరు మీ రెండు గుప్పిళ్ళలో ఒక చీపురు కర్ర పెట్టాలి. ఆ కర్ర ట్యాంకు నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఫోర్కు మధ్య నుంచి ఎంత వెనక్కి ఉంది, రెండు గుప్పిళ్ళ మధ్య దూరం ఎంత అన్నవి కొలిచి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని షాపుకి వెళ్ళండి. నడుము నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కువగా, వెడల్పుగా ఉండి కొంచెం వెనక్కి తిరిగిన, మధ్యస్థం ఎత్తు హ్యాండిలే సరిపోతుంది. మరీ ఎత్తుది పెడితే బరువంతా వెన్నెముక అడుక్కి దిగి, ప్రతి కుదుపూ నేరుగా నడుముకి కొడుతుంది. కేఫ్ రేసర్‌లో మణికట్లకి వచ్చిన నొప్పి ఇందులో నడుముకి మారుతుంది, అంతే.

హ్యాండిల్ మారితే క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటర్ కేబుళ్ళు మారాలి. కింది హ్యాండిల్‌కి వేసిన కేబుళ్ళు పొట్టివి, అవే లాగి బిగించొద్దు. బిగించాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ని ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పండి. ఎక్కడైనా ఇంజిన్ రేజ్ అయిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. ఇది చూసుకోని ఒక కుర్రాడికి సింహాచలం కొండ మలుపులో బండి తనంతట తాను వేగం పుంజుకుంది. గోడకి గీసుకుని ఆగింది, దెబ్బ తగల్లేదు.

కుదుపులు, టైర్లు

లావు టైర్ల గురించి. బుల్లెట్‌కి కంపెనీ ఇచ్చింది 3.25-19. వెనక 3.50-19 వేసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. అంతకంటే లావు అయితే మడ్‌గార్డు స్టేలకీ చైను కవరుకీ రాసుకుంటుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. హాయి కోసం అయితే డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది: గాలి సరిగ్గా పెట్టండి. ముందు 20 పీఎస్ఐ, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 30 నుంచి 32. పంక్చర్ షాపులో చెప్పకపోతే రెండింటికీ 35 కొట్టేస్తారు, బండి రాయిలా ఎగురుతుంది. మీ నడుము నొప్పిలో కొంత భాగం ఇదే అయి ఉంటుంది, ఈరోజే చూసుకోండి. టైరు పక్కన నాలుగు అంకెలు కూడా చదవండి. 3217 అంటే 2017లో 32వ వారంలో తయారైంది. గళ్ళు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో పట్టు ఉండదు. మార్చేయండి.

వెనక షాకబ్జర్లు కొత్తవి కొనేటప్పుడు పైబోల్టు నుంచి కిందిబోల్టు మధ్య దూరం అసలు వాటితో సమానంగా ఉండాలి. పొడుగైతే సెంటర్ స్టాండ్ మీద చక్రం లేవదు, చైను రాసుకుంటుంది. పొట్టివైతే ఇద్దరు కూర్చున్నప్పుడు టైరు మడ్‌గార్డుకి తగులుతుంది. కేఫ్ రేసర్ చేసేటప్పుడు పొట్టివి వేయడం మామూలే, అందుకే కొలవమంటున్నాను. ముందు ఫోర్కుల్లో నూనె మార్పించి, రెండు వైపులా సమానంగా పోయించండి, సీళ్ళు బుష్‌లు కొత్తవి వేయించండి. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగితే కొత్త షాకబ్జర్లు పెట్టినా బండి తోక ఊపుతుంది. ఇవి చిన్న ఖర్చులు, మెరిసే సామాను ముందు ఎవరికీ గుర్తుకు రావు.

బ్రేకులకి డిస్కు పెట్టమని మీకు కొందరు చెబుతారు. ముందు ఉన్న డ్రమ్మును సరిగ్గా చేయించి చూడండి. డ్రమ్ము గుండ్రం తప్పి ఉంటే లేత్ మీద పల్చగా కోయించి, కొత్త షూలను ఆ డ్రమ్ము వంపుకి సరిపడేలా తీయించాలి. మామూలుగా షూ మధ్యలోనో అంచుల్లోనో మాత్రమే తగులుతుంటుంది. మొత్తం పరుచుకుని తగిలితే అదే బ్రేకు వేరేలా పట్టుకుంటుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ మీద దింపండి, డ్రమ్ము వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది.

ఇంజిన్ బాగుంటే విప్పకండి

పొగ రాకుండా, లోపల నుంచి చప్పుడు లేకుండా నడుస్తుంటే దాన్ని అలా ఉండనివ్వండి. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న పొడుగు స్ట్రోకు సింగిల్ సిలిండర్ ఇది. వణుకు దాని స్వభావం. కానీ చేతులు మొద్దుబారేంత వణికితే తప్పు వేరే చోట ఉంటుంది. ట్యాంకు కింద ఇంజిన్ తలని ఛాసిస్‌కి పట్టే స్టే ఉందా, ఊడిపోయిందా చూడండి. చాలా బండ్లలో విప్పినప్పుడు మళ్ళీ పెట్టరు. ఇంజిన్ ప్లేట్ల బోల్టులు, పాయింట్ గ్యాపు (స్పార్కు ఇప్పించే కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ) 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, స్పార్కు టైమింగు, టాపెట్లు (వాల్వుల దగ్గర ఖాళీ) సరిచేయించండి. 60, 65 వేగం దగ్గర ఈ బండి దుక్ దుక్ మంటూ మెత్తగా సాగిపోతుంది. అరకు దాకా నూట పది కిలోమీటర్ల పైచిలుకు అదే వేగంలో వెళ్ళండి.

ట్యాంకు లోపల తుప్పు ఉంటే పాత చైను ముక్కలు వేసి, డీజిల్ పోసి బాగా కుదపండి. రెండు మూడు సార్లు మార్చి కుదిపితే ఎర్ర మట్టి అంతా దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమని లాక్కుంటుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ సీళ్ళు త్వరగా పాడవుతాయి. గొట్టాలు కొత్తవి వేయించండి. నెల రోజులు బండి తీయనప్పుడు ట్యాంకు నిండుగా ఉంచి, కార్బొరేటర్ ఖాళీ చేయండి.

వైరింగ్ కేఫ్ రేసర్ వాళ్ళు ఎక్కడికక్కడ తెంపి టేపు చుట్టి ఉంటారు. అతుకులు వేయకుండా కొత్త వైరింగ్ కిట్టే వేయించండి. ఎర్త్ తగిలే చోట పెయింటు గీకి, బిగించాక వాజలీన్ రాస్తే ఉప్పుగాలికి పచ్చబడదు.

రూపం

ఇక్కడికి వచ్చేసరికి మీ దగ్గర డబ్బు తక్కువే మిగులుతుంది, అయినా సరిపోతుంది. నలుపు ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు చాలు, పాత బుల్లెట్ కళ వచ్చేస్తుంది. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తోనే గీసేవారు. స్టిక్కరు అంటించకండి. సైన్‌బోర్డులు రాసే పాతకాలం ఆర్టిస్టులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. నాకు గీసిపెట్టే ఆయన పొడుగు కుచ్చు బ్రష్ పట్టుకుని, చిటికెన వేలు ట్యాంకు అంచుకి ఆనించి, మోకాలి దగ్గర పల్లం నుంచి ముందు దాకా ఊపిరి బిగబట్టి ఒకే లాగుడులో లాగేస్తారు. దగ్గరగా చూస్తే గీత మొదలైన చోట కాస్త లావు, ముగిసిన చోట సన్నం. ఆ తేడాలోనే మనిషి చెయ్యి కనబడుతుంది. ఆయన గీస్తున్నంతసేపూ షెడ్డులో మేమెవరం మాట్లాడం.

క్రోమ్ విషయంలో చౌకకి పోకండి. అడుగున రాగి, నికెల్ పొరలు సరిగ్గా పడకుండా పైన మెరుపు మాత్రం కొడితే ఒక్క వానాకాలానికి చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. స్పోకులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి, మన ఊరికి అదే మంచిది. సైలెన్సర్ లోపల జాలీ ఉన్న మామూలు పొడుగుదే వేయండి. గంటల కొద్దీ వెళ్ళేటప్పుడు చప్పుడు కూడా అలసటే.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలకీ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీ బండి ఇప్పుడున్న రూపమే అసలు ఇబ్బంది, మీరు చేసే పని దాన్ని తగ్గిస్తుంది. ఆర్సీలో ఉన్న రంగే వేయిస్తే సరి, వేరే రంగైతే ఆర్టీవో ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. వెనక కూర్చునేవాళ్ళకి ఫుట్‌రెస్టు, పట్టుకోవడానికి పిడి, చక్రంలో చీర పడకుండా గార్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కేఫ్ రేసర్‌లో అవన్నీ తీసేసి ఉంటారు, తిరిగి పెట్టించండి. మీ ఆవిడ ఎక్కనంటున్నది సీటు వల్లే కాకపోవచ్చు, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం వల్ల కూడా అయి ఉంటుంది.

1996 బండికి మొదటి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ 2011తోనే అయిపోయింది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25తో పొడిగించాలి. మీ ఆర్సీలో గడువు తేదీ ఎంతుందో పని మొదలుపెట్టక ముందే చూసుకోండి. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే పేరు మార్పు దరఖాస్తు కూడా (నాన్నగారు ఉంటే ఫారం 29, 30; లేకపోతే ఫారం 31) ఇప్పుడే పెట్టేయండి. బండి విప్పి ముక్కలుగా ఉన్నప్పుడు ఇన్‌స్పెక్షన్‌కి చూపించమంటే తల పట్టుకోవాల్సి వస్తుంది.

70 వేల గురించి: ఛాసిస్ కోయకుండా ఉంటే, ఇంజిన్ విప్పకపోతే, ఈ పనంతా అందులో ఇముడుతుందని నా అంచనా. కోసి ఉంటే, లేదా ముందు ఫోర్కులు మార్చేసి ఉంటే, క్రోమ్ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, సీటు మీదా బ్రేకుల మీదా మాత్రం తగ్గించొద్దు.

ఈ ఆదివారం సీటు విప్పి, వెనక పైపు రెండు వైపులా, స్వింగ్ ఆర్మ్ దగ్గర, హెడ్‌లైటు వెనక భాగం ఫొటోలు వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. పైపు మీద గ్రైండర్ గీతలు ఉన్నాయో లేవో చూసి, వెల్డింగ్ అవసరమా కాదా చెబుతాను. అప్పటి దాకా హ్యాండిల్ కొనకండి.